రొమ్ము క్యాన్సర్‌కు డీఎన్‌ఏ టీకా ఎంతవరకు వచ్చింది? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: నా వయసు 34. మా అమ్మ 46వ ఏట రొమ్ము క్యాన్సర్‌తో చనిపోయింది. ఇప్పుడు మా పిన్నికి అదే జబ్బు వచ్చి చికిత్స జరుగుతోంది. నాకు ఒక చెల్లెలు, ఎనిమిదేళ్ల కూతురు ఉన్నారు. రొమ్ము క్యాన్సర్ రాకుండా కాపాడే డీఎన్‌ఏ టీకా వచ్చేసిందని వాట్సాప్‌లో చదివాను. దాన్ని మన దగ్గర ఎక్కడ వేస్తారు? ఆ టీకా వేయించుకుంటే మన జన్యువులే మారిపోతాయని మా ఆడపడుచు భయపెడుతోంది. అది నిజమేనా?
— ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అమ్మా, ముందు సూటిగా చెప్పవలసిన మాట చెబుతాను. ఆరోగ్యంగా ఉన్న స్త్రీకి రొమ్ము క్యాన్సర్ రాకుండా వేసే టీకా, డీఎన్‌ఏ టీకా గానీ మరొక రకం గానీ, ఈ రోజున ఏ దేశంలోనూ ఆమోదం పొందలేదు. తెనాలిలోనే కాదు, హైదరాబాదులోనూ, అమెరికాలోనూ దాన్ని డబ్బిచ్చి వేయించుకునే వీలు లేదు. మీరు చదివిన వార్త పూర్తిగా కల్పితం కాదు. పరిశోధన నిజంగా జరుగుతోంది, కొన్ని ఫలితాలు ఆశ కలిగించేవిగానే ఉన్నాయి. అయితే ఆ ఫలితాలలో చాలావరకు జబ్బు వచ్చి చికిత్స పొందిన స్త్రీలకు అది తిరగబెట్టకుండా చూడటానికి సంబంధించినవి. 'టీకా' అన్న మాట వినగానే మనకు పోలియో చుక్కలు, మశూచి టీకా గుర్తుకు వస్తాయి కాబట్టి, ఈ తేడా వార్తలలో చెరిగిపోతోంది.

మీ ఆడపడుచు గారి భయానికి జవాబు చెప్పాలంటే డీఎన్‌ఏ టీకా పనిచేసే తీరు కొంత వివరించాలి. మన శరీరంలోని ప్రతి ప్రోటీన్‌ను తయారు చేయడానికి కావలసిన సూచన డీఎన్‌ఏలో రాసి ఉంటుంది. క్యాన్సర్ కణాల మీద ఎక్కువగా కనిపించే ఒక ప్రోటీన్‌ను ఎంచుకుని, దానికి సంబంధించిన సూచనను మాత్రమే ప్లాస్మిడ్ అనే చిన్న ఉంగరం వంటి డీఎన్‌ఏలో కూర్చి, బ్యాక్టీరియాలో పెంచి, శుద్ధి చేసి, చర్మంలోకో కండరంలోకో ఇస్తారు. అక్కడి కణాలు కొన్ని ఆ ఉంగరాన్ని తీసుకుని, ఆ సూచన ప్రకారం ప్రోటీన్‌ను తయారు చేస్తాయి. ఆ ప్రోటీన్ ముక్కలను రోగనిరోధక వ్యవస్థలోని కణాలు, శత్రు కణాలను వెతికి చంపే టి-కణాలకు చూపిస్తాయి. వాటిని గుర్తుపెట్టుకున్న టి-కణాలు ఒంట్లో తిరుగుతూ, అదే ముక్కను ధరించిన క్యాన్సర్ కణం ఎదురైతే దాన్ని చంపగలుగుతాయి. ఇదంతా 1990లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో జాన్ వుల్ఫ్ బృందం చేసిన ఒక ప్రయోగంతో మొదలైంది. వారు ఏ వైరస్ సహాయమూ లేకుండా ఒట్టి డీఎన్‌ఏను ఎలుక కండరంలోకి ఎక్కించినప్పుడు, ఆ కండరం అందులోని సూచన ప్రకారం ప్రోటీన్‌ను తయారు చేసింది. మూడేళ్లు తిరిగేసరికి, ఇదే పద్ధతిలో ఇచ్చిన టీకా ఎలుకలను ఇన్‌ఫ్లూయెంజా నుంచి కాపాడిందని మరొక బృందం చూపించింది.

ఇక జన్యువులు మారతాయా అన్న ప్రశ్న. ప్లాస్మిడ్ కణంలోకి వెళ్లినా మన క్రోమోజోముల నుంచి విడిగానే ఉంటుంది, కొంతకాలానికి కరిగిపోతుంది. అది పొరపాటున మన డీఎన్‌ఏలో అతుక్కుంటుందేమోనన్న సందేహం శాస్త్రజ్ఞులకు మొదటినుంచీ ఉంది. అందుకే జంతువులలో ప్రత్యేకంగా వెతికారు. అలా అతుక్కునే అవకాశం, మన కణాలలో సహజంగా నిత్యం జరిగే మార్పుల కన్నా చాలా తక్కువని తేలింది. పైగా టీకా చేరేది భుజంలోని కండరానికో చర్మానికో గనుక, పిల్లలకు సంక్రమించే జన్యువులు దానివల్ల మారవు. మన దేశంలోనే 2021 ఆగస్టులో అహ్మదాబాదుకు చెందిన జైడస్ సంస్థ తయారు చేసిన కోవిడ్ టీకా జైకోవ్-డికి అత్యవసర వినియోగం కింద అనుమతి వచ్చింది. మనుషులకు వేయడానికి ప్రపంచంలో ఎక్కడైనా అనుమతి పొందిన మొదటి డీఎన్‌ఏ టీకా అదే. కాబట్టి మీ ఆడపడుచు గారు ఈ విషయంలో నిశ్చింతగా ఉండవచ్చు.

కోవిడ్‌కు అంత త్వరగా వచ్చిన టీకా రొమ్ము క్యాన్సర్‌కు ఎందుకు రావడం లేదని మీరు అడగవచ్చు. నా దృష్టిలో అసలు విషయమంతా ఈ ప్రశ్నలోనే ఉంది. వైరస్ బయటినుంచి వచ్చిన శత్రువు. దాని ప్రోటీన్ మన శరీరానికి పూర్తిగా కొత్తది. క్యాన్సర్ కణం మన సొంత కణమే. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడన్న సామెత ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. మన టి-కణాలు ఛాతీలోని థైమస్ గ్రంథిలో తయారయ్యేటప్పుడే, సొంత ప్రోటీన్లను గట్టిగా పట్టుకునే వాటిని శరీరం ఏరివేస్తుంది. అలా ఏరివేయకపోతే మన శరీరాన్ని మనమే దెబ్బతీసుకుంటాం. ఆ రక్షణ ఏర్పాటే క్యాన్సర్ టీకాకు అడ్డంకి అవుతోంది. హెర్-2 అన్న ప్రోటీన్‌ను చూడండి: రొమ్ము క్యాన్సర్లలో 15 నుంచి 20 శాతం వాటిలో అది మితిమీరి ఉంటుంది, కానీ కొద్ది మొత్తంలో గుండె కండరంతో సహా మామూలు కణాల మీద కూడా ఉంటుంది. టి-కణాలకు క్యాన్సర్‌ను పట్టుకునేటంత కోపం రావాలి, గుండె జోలికి వెళ్లకూడదు. ఈ కొలత కుదరడమే కష్టం.

ఎలుకలలో ఈ కొలత కుదిరిందని చెప్పవచ్చు. ఇటలీలోని ట్యూరిన్‌లో గ్వీడో ఫోర్నీ, ఫెదెరికా కవాల్లో తమ సహచరులతో కలిసి, పుట్టుకతోనే హెర్-2 జన్యువు ఎలుక రూపాన్ని మోస్తూ పది స్తనగ్రంథులలోనూ కణితులు వచ్చి తీరే ఒక జాతి ఎలుకల మీద ఏళ్ల తరబడి పనిచేశారు. డీఎన్‌ఏ టీకా ఇచ్చి, ఆ చోట క్షణకాలం స్వల్ప విద్యుత్తును పంపితే కణాల పొరలలో తాత్కాలికంగా రంధ్రాలు ఏర్పడి డీఎన్‌ఏ ఎక్కువగా లోపలికి వెళుతుంది. ఈ పద్ధతిలో టీకా పొందిన ఎలుకలు కణితులు లేకుండా చాలాకాలం బతికాయి. ఎలుకను కాపాడిన ప్రతిదీ మనిషిని కాపాడదు, నిజమే. అయినా 'ముందుగా నివారించవచ్చు' అన్న నమ్మకానికి పునాది ఈ ప్రయోగాలే.

మీ కుటుంబానికి దగ్గరగా ఉండే పరిశోధన ఒకటి అమెరికాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో జరిగింది. బీఆర్‌సీఏ-1, బీఆర్‌సీఏ-2 అనే జన్యువులలో లోపం తల్లిదండ్రుల నుంచి వచ్చి రొమ్ము క్యాన్సర్ ముప్పును బాగా పెంచుతుంది. పుట్టుకతోనే ఆ లోపం ఉన్నవారికి, క్యాన్సర్ కణాలలో ఎక్కువగా కనిపించే టెలోమెరేజ్ వంటి మూడు ప్రోటీన్ల సూచనలున్న డీఎన్‌ఏ టీకాను ఇచ్చి, అది సురక్షితమేనా, టి-కణాలు స్పందిస్తున్నాయా అని పరీక్షించే తొలి దశ ప్రయోగం అది. మొదట క్యాన్సర్ వచ్చి తగ్గినవారికి, ఆ తరువాత అసలు క్యాన్సర్ రానివారికి ఇచ్చేలా దాన్ని రూపొందించారు. క్యాన్సరే రాని మనిషికి ఇటువంటి టీకా ఇవ్వడం చాలా పెద్ద అడుగు. అయితే తొలి దశ ప్రయోగం చూసేది భద్రతనూ స్పందననూ మాత్రమే. జబ్బు నిజంగా తగ్గిందో లేదో తెలియాలంటే వేలమందిని ఏళ్ల తరబడి గమనించాలి.

ఇప్పుడు మీ సంగతి. మీ అమ్మగారికి 50 ఏళ్ల లోపే రావడం, మీ పిన్నిగారికీ రావడం చూస్తే మీ ఇంట్లో బీఆర్‌సీఏ లోపం ఉందేమో తెలుసుకోవడం చాలా అవసరం. ఈ రక్తపరీక్షను ముందుగా మీకు కాక, ప్రస్తుతం జబ్బుతో ఉన్న మీ పిన్నిగారికి చేయించడం ఉత్తమం. ఆమెలో లోపం దొరికితే, ఆ ఒక్క లోపం మీలోనూ మీ చెల్లెలిలోనూ ఉందో లేదో చూస్తే సరిపోతుంది. మీలో అది లేదని తేలితే మీ ఇద్దరి భయంలో చాలా భాగం ఆ రోజుతో తీరిపోతుంది. ఉందని తేలితే, 2017లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం ప్రకారం 80 ఏళ్ల లోపు రొమ్ము క్యాన్సర్ వచ్చే అవకాశం బీఆర్‌సీఏ-1 వారిలో సుమారు 72 శాతం, బీఆర్‌సీఏ-2 వారిలో సుమారు 69 శాతం. ఈ అంకెలు చూసి గుండె జారవిడుచుకోవద్దు. ఏటా ఎంఆర్‌ఐ, మామోగ్రామ్ చేయించుకుంటూ తొలిదశలోనే పట్టుకోవడం, కొందరి విషయంలో మందులు, కొందరి విషయంలో ముందస్తు శస్త్రచికిత్స వంటి మార్గాలు ఈ రోజే ఉన్నాయి. పరీక్షకు ముందూ తరువాతా జన్యు సలహా ఇచ్చే నిపుణులతో మాట్లాడండి. మీ పాపకు ఇప్పుడు ఈ పరీక్ష అవసరం లేదు. పెద్దయ్యాక తానే నిర్ణయించుకుంటుంది.

ప్రశ్న: నా భార్యకు రెండేళ్ల క్రితం హెర్-2 పాజిటివ్ రొమ్ము క్యాన్సర్ అని తేలింది. మూడో దశ అన్నారు. కీమో, ఆపరేషన్, రేడియేషన్ అయ్యాయి. ఏడాదిపాటు ట్రాస్టుజుమాబ్ ఇంజెక్షన్లు కూడా పూర్తయ్యాయి. ఈ రకానికి డీఎన్‌ఏ టీకా వేస్తే పదేళ్లయినా తిరగబెట్టదని ఒకరు చెప్పి, విదేశంలో వేయిస్తామంటూ పెద్ద మొత్తం అడుగుతున్నారు. పొలం అమ్మైనా వెళ్లమంటారా?
— ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: పొలం అమ్మవద్దు. ఈ ఒక్క మాట ముందు చెప్పి, తరువాత కారణాలు చెబుతాను.

మీకు చెప్పినవారు ఆధారంగా చూపేది బహుశా సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో డాక్టర్ మేరీ డైసిస్ బృందం చేసిన ప్రయోగం కావచ్చు. దాని ఫలితాలు 2022 నవంబరులో ఒక ప్రముఖ వైద్య పత్రికలో వెలువడ్డాయి. మూడో దశ, నాలుగో దశ హెర్-2 పాజిటివ్ క్యాన్సర్‌కు చికిత్స పూర్తయిన 66 మంది స్త్రీలను మూడు బృందాలుగా చేసి, హెర్-2 ప్రోటీన్‌లో కణం లోపలివైపు ఉండే భాగానికి సంబంధించిన డీఎన్‌ఏను 10, 100, 500 మైక్రోగ్రాముల మోతాదులలో నెలకొకసారి చొప్పున మూడుసార్లు ఇచ్చారు. సూది వేసిన చోట ఎర్రబడటం, వాపు, కొద్దిపాటి జ్వరం వంటివి తప్ప పెద్ద ఇబ్బందులు ఎక్కువగా రాలేదు. 100 మైక్రోగ్రాముల మోతాదును తరువాతి దశ ప్రయోగానికి ఎంచుకున్నారు. సుమారు పదేళ్ల తరువాత చూస్తే వారిలో 80 శాతం మంది జీవించి ఉన్నారు. అంత ముదిరిన దశలో జబ్బు బయటపడినవారి గురించి ఇది వినడానికి ఎంతో సంతోషం కలిగించే సంగతి, నేనూ సంతోషించాను.

కానీ ఆ 80 శాతమూ టీకా వల్లనే సాధ్యమైందని ఆ ప్రయోగం చెప్పదు. టీకా వేయించుకోని మరొక బృందాన్ని పక్కన పెట్టి పోల్చలేదు. చికిత్సకు బాగా లొంగి, జబ్బు అదుపులో ఉన్నవారినే తీసుకున్నారు; అలాంటివారు ఎటూ మిగిలినవారి కన్నా ఎక్కువకాలం బతుకుతారు. ఆ ప్రయోగం సాగిన కాలంలోనే ట్రాస్టుజుమాబ్ వంటి మందుల వాడకం విస్తరించి, హెర్-2 రోగుల ఆయుష్షు బాగా పెరిగింది. వీటిలో దేని వాటా ఎంతో విడదీయడానికి పోలిక ఉన్న పెద్ద ప్రయోగం కావాలి.

ఈ జాగ్రత్త ఎందుకో చెప్పడానికి ఒక చేదు ఉదాహరణ ఉంది. హెర్-2 మీదనే న్యూవ్యాక్స్ అనే టీకాను తయారు చేశారు. అది డీఎన్‌ఏ కాదు, ప్రోటీన్ ముక్కతో చేసింది. చిన్న ప్రయోగాలలో అది ఎంతో ఆశ కలిగించింది. ఆ నమ్మకంతో 758 మంది స్త్రీలతో మూడో దశ ప్రయోగం చేపట్టారు. సగం మందికి టీకా, సగం మందికి ఉత్తుత్తి ఇంజెక్షన్ ఇచ్చి పోలిస్తే టీకాతో మేలు కనబడలేదు, 2016లో ప్రయోగాన్ని ఆపివేశారు. చిన్న ప్రయోగంలో వెలిగిన ఆశ పెద్ద ప్రయోగంలో ఆరిపోవడం క్యాన్సర్ టీకాల చరిత్రలో పలుమార్లు జరిగింది. అందువల్ల రుజువు కాని టీకాకు ఎవరైనా వెల కడుతున్నారంటే అక్కడే అనుమానించాలి.

మీ భార్యగారికి ఇప్పటికే జరిగిన చికిత్స సామాన్యమైనది కాదు. హెర్-2 ఎక్కువైతే జబ్బు ఉధృతంగా ఉంటుందని 1987లో డెన్నిస్ స్లామన్ బృందం చూపించగా, ఆ ప్రోటీన్‌నే అడ్డుకునే ట్రాస్టుజుమాబ్ 1998లో అమెరికాలో ఆమోదం పొందింది. అది వేలమందితో చేసిన ప్రయోగాలలో నిలబడిన మందు. ఇక చేయవలసింది, డాక్టరు చెప్పిన తేదీలకు తప్పక వెళ్లడం, ఏటా మామోగ్రామ్ చేయించడం, గుండె పనితీరును చూసే ఎకో పరీక్ష మళ్లీ అవసరమేమో అడగడం, ఎడతెగని తలనొప్పి, ఎముకల నొప్పి, ఆయాసం వంటివి కనిపిస్తే తేదీ వచ్చేదాకా ఆగకుండా వెళ్లి చూపించడం. మీ దగ్గర డబ్బు ఉంటే దానికి ఇంట్లో వేరే అవసరాలు ఎన్నో ఉంటాయి.

ప్రశ్న: నేను బీఫార్మసీ విద్యార్థిని. ఎంఆర్‌ఎన్‌ఏ టీకాలు ఇంత ముందుకు వచ్చాక కూడా క్యాన్సర్‌కు డీఎన్‌ఏ టీకాల మీద ఎందుకు పనిచేస్తున్నారు?
— ఒక విద్యార్థిని, విశాఖపట్నం

జవాబు: డీఎన్‌ఏ గట్టి పదార్థం, చవకగా తయారవుతుంది, అతిశీతల పెట్టెలు లేకుండా నిలవ ఉంటుంది. మన వంటి దేశాలకు ఇది చిన్న విషయం కాదు. దాని బలహీనత ఏమిటంటే, ఎంఆర్‌ఎన్‌ఏ (డీఎన్‌ఏలోని సూచనకు నకలు వంటిది) కణంలోకి ప్రవేశిస్తే చాలు, డీఎన్‌ఏ మాత్రం కణ కేంద్రకం దాకా చేరాలి. ఎలుకలో సులువుగా చేరినది మనిషిలో చేరక, మొదటి పదిహేనేళ్ల ప్రయోగాలలో చాలా భాగం నిరాశ పరిచాయి. విద్యుత్తు పద్ధతి, సూది లేకుండా ఒత్తిడితో చర్మంలోకి పంపే పరికరం వచ్చాకే పరిస్థితి మెరుగుపడింది. జైకోవ్-డిని ఇచ్చింది ఇటువంటి సూది లేని పరికరంతోనే. మరొక సంగతి మీకు ఆసక్తిగా ఉంటుంది: కుక్కల నోటిలో వచ్చే మెలనోమా క్యాన్సర్‌కు ఒక డీఎన్‌ఏ టీకా అమెరికాలో 2010లోనే పూర్తి అనుమతి పొందింది. అందులో ఉన్నది కుక్క జన్యువు కాదు, మనిషి జన్యువు. మనిషి ప్రోటీన్ కుక్క ప్రోటీన్‌ను పోలి ఉంటూనే కొంచెం తేడాగా ఉంటుంది కాబట్టి, కుక్క శరీరం దాన్ని పరాయిదిగా గుర్తించి, ఆ ఊపులో తన కణితి మీద కూడా తిరగబడుతుందన్నది అందులోని ఉపాయం. ఇంటి దొంగ సమస్యను పరిష్కరించడానికి ఇదీ ఒక దారి.

ప్రశ్న: మా అక్క టెక్సస్‌లో ఉంటుంది. వయసు 41. ట్రిపుల్ నెగటివ్ రొమ్ము క్యాన్సర్ అన్నారు. కీమో నడుస్తోంది, తరువాత ఆపరేషన్ చేస్తారట. ఈ రకానికి ఏ టీకా ప్రయోగంలోనైనా చేరే అవకాశం ఉందా?
— ఒక పాఠకుడు, హైదరాబాదు

జవాబు: ట్రిపుల్ నెగటివ్ అంటే ఈస్ట్రోజెన్, ప్రొజెస్టరాన్ అనే హార్మోన్లను అందుకునే గ్రాహకాలు గానీ, హెర్-2 ఆధిక్యం గానీ లేని రకం. గురిపెట్టడానికి తెలిసిన గుర్తు ఏదీ లేదు కాబట్టి, పరిశోధకులు రెండు కొత్త దారులు వెతికారు.

మొదటిది సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో డాక్టర్ విలియం గిలాండర్స్ బృందానిది. సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయం వేరు, ఇది వేరు. పేర్లు ఒకటే కావడంతో వార్తలలో తరచు కలిసిపోతున్నాయి. ఈ బృందమే 2014లో, రొమ్ము కణాలకే ప్రత్యేకమైన మామాగ్లోబిన్-ఎ అనే ప్రోటీన్ మీద డీఎన్‌ఏ టీకాను, జబ్బు ఇతర భాగాలకు పాకిన 14 మందిలో పరీక్షించింది. ట్రిపుల్ నెగటివ్ వారికోసం వారు మరింత ముందుకు వెళ్లారు. ప్రతి రోగి కణితినీ, ఆమె ఆరోగ్యకరమైన కణాలనూ పోల్చి చూసి, కణితిలో మాత్రమే ఉన్న మార్పులను ఎంచుకుని, ఆమె ఒక్కరికే పనికివచ్చే డీఎన్‌ఏ టీకాను తయారు చేశారు. కణితిలో కొత్తగా పుట్టిన ఆ మార్పులను శరీరం పరాయివిగానే చూస్తుంది, అందువల్ల సొంత ప్రోటీన్ అనే అడ్డంకి చాలావరకు తొలగిపోతుంది. కీమో తరువాత కూడా కణితి కొంత మిగిలిపోయిన 18 మందికి ఈ టీకా ఇవ్వగా, 14 మందిలో రోగనిరోధక స్పందన కనిపించింది, మూడేళ్ల తరువాత 16 మందికి జబ్బు తిరగబెట్టలేదు. ఈ ఫలితాలు 2024లో వెలువడ్డాయి. ఇక్కడ కూడా పోలిక బృందం లేదు, సంఖ్య చిన్నది. అయినా ఇప్పటివరకు నేను చదివిన రొమ్ము క్యాన్సర్ డీఎన్‌ఏ టీకాలలో ఆలోచనపరంగా నాకు అన్నిటికన్నా బలమైనదిగా కనిపించేది ఇదే.

రెండోది డీఎన్‌ఏ టీకా కాదు, కానీ మీ అక్కగారి రకానికి సంబంధించింది గనుక చెబుతున్నాను. ఆల్ఫా-లాక్టాల్బుమిన్ అనేది బిడ్డకు పాలిచ్చే కాలంలోనే రొమ్ములో తయారయ్యే పాల ప్రోటీన్. పాలివ్వడం ముగిశాక అది ఉండదు, కానీ చాలా ట్రిపుల్ నెగటివ్ కణితులలో మళ్లీ కనబడుతుంది. కాన్పులు అయిపోయిన స్త్రీలో ఆ ప్రోటీన్ మీద టీకా వేస్తే ఆరోగ్యకరమైన కణాలకు హాని ఉండదన్న ఆలోచన క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో విన్సెంట్ టుయోహీది. మనుషులలో తొలి ప్రయోగం 2021లో మొదలైంది, పాల్గొన్నవారిలో 70 శాతానికి పైగా స్పందన కనిపించింది. ఆయన 2023లో కన్నుమూశారు, పని మాత్రం సాగుతోంది.

మీ అక్కగారు తమ ఆంకాలజిస్టును ప్రస్తుతం చేర్చుకుంటున్న ప్రయోగాల గురించి అడగాలి. అమెరికా ప్రభుత్వ ప్రయోగాల పట్టికలో జబ్బు రకం, దశ, ఊరు పెట్టి తామే వెతకవచ్చు కూడా. ప్రయోగంలో చేరడం కోసం కీమోను గానీ ఆపరేషన్‌ను గానీ వాయిదా వేయకూడదు. ఇటువంటి ప్రయోగాలు ఎక్కువగా ప్రామాణిక చికిత్స పూర్తయ్యాకే మొదలవుతాయి. ఒక్క పని మాత్రం ఆపరేషన్‌కు ముందే చేయాలి. వ్యక్తిగత టీకాను తయారు చేయాలంటే ఆమె కణితి కణజాలమే కావాలి కాబట్టి, తీసిన కణితిలో కొంత భాగాన్ని ఇటువంటి పరీక్షకు పనికివచ్చే విధంగా భద్రపరుస్తారా అని సర్జన్‌నూ పాథాలజిస్టునూ ఇప్పుడే అడగమని చెప్పండి. ఆపరేషన్ అయిపోయాక అడిగితే ఆ అవకాశం దాటిపోయి ఉండవచ్చు.